బిడ్డకూ నీటికీ మధ్య ఏముంది?

ఏ ఊళ్ళోనైనా పసిబిడ్డ నీళ్ళల్లో పడిపోయాడని తెలియగానే చుట్టూ చేరినవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "అప్పుడు తల్లి ఎక్కడుంది?" ఆ ప్రశ్న ఇంతవరకు ఒక్క బిడ్డనూ బతికించలేదు. తల్లిని మాత్రం బతికినంతకాలం కాల్చుకు తింటుంది. మీరు అలవాటు చేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. బిడ్డకూ నీటికీ మధ్య ఏముంది? తలుపుందా, గడియుందా, గ్రిల్ ఉందా, లేక ఎవరో ఒకరి చూపు మాత్రమే ఉందా? చూపు ఒక్కటే ఉన్న ఇంట్లో రక్షణ లేనట్టే లెక్క.

ఇంటి ముందు చిన్న కొలను, అందులో నాలుగు కలువలు, రంగురంగుల చేపలు. హైదరాబాదు శివార్ల విల్లాల నుంచి కోనసీమలో కొత్తగా లేచిన మేడల దాకా చాలామంది మనసుపడి కట్టించుకుంటున్నారు. మిద్దెతోటల వాళ్ళు పెద్ద పెద్ద టబ్బుల్లో తామర పెంచుతున్నారు. ఆ ముచ్చటంటే నాకూ ఇష్టమే. కొలను వద్దని నేను చెప్పను. నడక నేర్చే బిడ్డ ఉన్న ఇంట్లోనో, సెలవులకు మనవలు వచ్చే ఇంట్లోనో ఆ కొలను ఎలా ఉండాలో చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళు నిండని పిల్లలు. వీళ్ళు ఈతకు వెళ్ళినవాళ్ళు కారు. ఇంటి చుట్టుపక్కల ఆడుకుంటూ పోయినవాళ్ళే ఎక్కువ.

చప్పుడు వినిపించదు

నీళ్ళల్లో పడినవాళ్ళు చేతులు కొట్టుకుంటారని, కేకలు పెడతారని మనకు సినిమాలు నేర్పాయి. పసిబిడ్డ విషయంలో అది పూర్తిగా తప్పు. ఏడాది, రెండేళ్ళ బిడ్డకు శరీరంతో పోలిస్తే తల బరువు ఎక్కువ. నీళ్ళల్లోకి వంగి చేపను చూసే బిడ్డ ముందుకు తూలితే తల కిందికి, కాళ్ళు పైకి వెళతాయి. తిరిగి లేవడానికి కావలసిన బలం మెడకూ చేతులకూ అప్పటికి రాదు. నోట్లోకి నీళ్ళు వెళ్ళాక ఏడవడానికి ఊపిరే ఉండదు. అందుకే వంటింట్లో ఉన్నవాళ్ళకు ఏమీ వినిపించదు.

దీనికి లోతు కూడా అక్కర్లేదు. ముక్కూ నోరూ మునిగితే చాలు, అంటే రెండంగుళాల నీళ్ళు. "మా కొలను మోకాలి లోతు కూడా లేదండీ" అని ధీమాగా చెప్పేవాళ్ళు అది ఎవరి మోకాలో ఆలోచించాలి. ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పాలు పొంగకుండా స్టవ్ దగ్గర నిలబడే సమయం అంతే.

కొలనులో పెరిగే మొక్కలు కూడా బిడ్డను మోసం చేస్తాయి. అంతరతామర గానీ గుర్రపుడెక్క గానీ నీటిని పూర్తిగా కప్పేస్తే పైనుంచి పచ్చగడ్డి నేలలాగే కనిపిస్తుంది. బిడ్డ అక్కడ నీళ్ళున్నాయని తెలియకుండానే అడుగు వేస్తుంది. పశువుల మేత కోసం పెరట్లో పాలిథిన్ పరిచి అజొల్లా పెంచే గుంటలు కూడా సరిగ్గా ఇలాంటివే. జానెడు లోతే కదా అని వాటి గురించి ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో పల్లె ఇళ్ళల్లో అన్నిటికంటే ముందు కంచె వేయాల్సింది వాటికే.

చూపు ఎందుకు సరిపోదు

"అమ్మాయ్, బాబు నీ దగ్గరున్నాడా?"

"లేదత్తయ్యా, మీ దగ్గరున్నాడనుకున్నాను."

ఈ రెండు మాటలు మన ఇళ్ళల్లో రోజూ వినిపిస్తాయి. దాదాపు ప్రతిసారీ బాబు మంచం కిందో, తాతయ్య గదిలోనో దొరుకుతాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కువమంది ఉంటే బిడ్డకు భద్రత ఎక్కువ అనుకుంటాం గానీ, అందరూ ఉన్నచోట ఒక్కరూ చూడకపోవడం చాలా తేలిక. ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. ఇందులో ఎవరి ప్రేమా తక్కువ కాదు. మనిషి దృష్టి స్వభావమే అంత. ఫోన్ మోగుతుంది, కుక్కర్ కూత పెడుతుంది, గేటు దగ్గర కూరగాయల బండి ఆగుతుంది.

మనలాగే ఇంటి పక్కనే నీళ్ళు పెట్టుకుని బతికే బంగ్లాదేశ్ పల్లెల్లో, పశ్చిమ బెంగాల్ సుందర్‌బన్స్‌లో ఈ విషయాన్ని లోతుగా పరిశీలించారు. అక్కడ చాలా ఇళ్ళ పెరట్లో చెరువు లాంటిది ఒకటి ఉంటుంది. పసిపిల్లల మరణాలు ఎక్కువగా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా, తల్లి ఇంటిపనిలో ఉన్నప్పుడు, ఇంటికి కొద్ది దూరంలోనే జరుగుతున్నాయని తేలింది. అందుకని బంగ్లాదేశ్‌లో చాలా ఊళ్ళల్లో 'ఆంచల్' అనే శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టారు. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బిడ్డలు అక్కడ ఉంటారు. ఆ కేంద్రాలకు వెళ్ళే పిల్లల్లో నీట మునిగే మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అక్కడి తల్లులకు జాగ్రత్త గురించి ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు. పనివేళల్లో బిడ్డకూ నీటికీ మధ్య ఒక గోడను, ఒక మనిషిని నిలబెట్టారు. మన ఊళ్ళో అంగన్‌వాడీ ఉంటే మూడేళ్ళ బిడ్డను ఆ వేళల్లో అక్కడికి పంపడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తోచదు.

"వద్దని చెప్పాం, వాడికి తెలుసు" అనే మాట కూడా నమ్మకండి. రెండేళ్ళవాడు 'వద్దు' అన్నది మీ ముఖం చూసి అర్థం చేసుకుంటాడు. మీ ముఖం కనబడనప్పుడు ఆ మాట కూడా ఉండదు. బూచాడు ఉన్నాడని భయపెట్టినా అంతే. నాలుగేళ్ళలోపు బిడ్డకు చెప్పడం మానొద్దు, కానీ చెప్పామని నిశ్చింతగా ఉండొద్దు.

కొలనును ఏం చేయాలి

అన్నిటికంటే గట్టి ఉపాయం ఇదీ: బిడ్డకు ఐదేళ్ళు నిండేదాకా కొలనులో నిలవనీరు లేకుండా చేయండి. శాశ్వతంగా పూడ్చేయమనడం లేదు. నీళ్ళు తీసేసి, ఎర్రమట్టి, ఇసుక నింపి పూలమొక్కలు వేయండి. కొన్నేళ్ళపాటు బిడ్డకు అది ఇసుకలో ఆడుకునే చోటైనా మంచిదే. వానాకాలంలో నీళ్ళు నిలవకుండా అడుగున రంధ్రం మాత్రం ఉండాలి. నీటి చప్పుడు కావాలనిపిస్తే కొలనును పెద్ద గులకరాళ్ళతో నింపి, నీటి మట్టం రాళ్ళ పైఅంచుకు కిందే ఉండేలా చూసుకుని, మధ్యలోంచి సన్నటి ఊట వచ్చేలా మోటారు పెట్టించుకోవచ్చు. చూడటానికి బాగుంటుంది, మునగడానికి నీళ్ళే ఉండవు.

కలువలు, తామరలు ఉండి తీరాలనుకుంటే కొలను మీద ఇనుప గ్రిల్ బిగించాలి. ఇది ఎలా ఉండాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం సగం చేసిన గ్రిల్, అసలు గ్రిల్ లేకపోవడం కంటే ప్రమాదం. అది ఉందన్న ధైర్యంతో మనం బిడ్డను వదిలేస్తాం.

వెల్డింగ్ షాపుకు వెళ్ళి కొలను కొలతలు ఇచ్చి, చుట్టూ యాంగిల్ ఫ్రేమ్, లోపల గట్టి ఇనుప రాడ్లతో గళ్ళు వేయించండి. గడి ఎటు కొలిచినా ఎనిమిది సెంటీమీటర్లు దాటకూడదు. అంతకంటే పెద్దదైతే బిడ్డ కాలు దిగుతుంది, ఇంకా పెద్దదైతే తల ఇరుక్కుంటుంది. కొలను వెడల్పు మూడు నాలుగు అడుగులు దాటితే మధ్యలో అడ్డంగా ఇంకో యాంగిల్ వేయించి కిందినుంచి ఆసరా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, గ్రిల్ నీటిమీద ఆనకూడదు. నీటికీ గ్రిల్‌కీ మధ్య కనీసం నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. నీటిని తాకుతూ ఉంటే గ్రిల్ మీద బోర్లాపడిన బిడ్డ ముఖం గళ్ళలోంచి నీళ్ళల్లోనే ఉంటుంది. జూలై, ఆగస్టు వానలకు కొలను నిండి ఆ ఖాళీ పోతుంది. కాబట్టి ఆ మట్టం దగ్గర గోడకు ఒక పైపు పెట్టించి, ఎక్కువైన నీళ్ళు బయటికి పోయేలా చూడాలి. దాని మూతికి ఆకులు అడ్డం పడ్డాయేమో ప్రతి వానకూ చూసుకోవాలి.

బిగించాక రెండు సిమెంట్ బస్తాలు గ్రిల్ మధ్యలో పెట్టి చూడండి. వంగి నీటిని తాకితే వెల్డరును మళ్ళీ పిలవండి. పెద్ద మనిషి కాలుజారి పడినా ఆగేలా ఉంటేనే అది గ్రిల్. ఒక వైపు బోల్టులతో గోడకు బిగించి, రెండో వైపు తాళం వేసుకునేలా ఉంచితే శుభ్రం చేసుకోవడానికి ఎత్తుకోవచ్చు. తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ వేసి పైన పెయింటు కొట్టించండి, ఏటా ఎండాకాలంలో ఒకసారి అతుకులు తట్టి చూడండి. తామర మొక్కకు దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. కొత్త ఆకు చుట్టుకుని పైకి లేస్తుంది కాబట్టి గడిలోంచి వచ్చి పైన విచ్చుకుంటుంది.

చాలామంది గ్రిల్ బదులు నైలాన్ వల గానీ, నర్సరీల్లో వాడే షేడ్ నెట్ గానీ, టార్పాలిన్ గానీ కప్పుతారు. దయచేసి ఈ పని చేయొద్దు. వల మీద పడిన బిడ్డ బరువుకు అది నీళ్ళల్లోకి కుంగి కాళ్ళకూ చేతులకూ చుట్టుకుంటుంది. టార్పాలిన్ మీద వాననీళ్ళు నిలిచి ఇంకో గుంట తయారవుతుంది. అవి కొంగలనూ ఆకులనూ ఆపుతాయి, బిడ్డను ఆపవు.

కొలను పెద్దదై గ్రిల్ వేయడం కుదరకపోతే కంచె కట్టాలి. ఇళ్ళల్లో ఈత కొలనుల విషయంలో ఆస్ట్రేలియా నియమాలు చాలా కఠినంగా ఉంటాయి. మనం అక్కడి కొలతలను తీసుకోవచ్చు. కంచె ఎత్తు కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు. నిలువు కడ్డీల మధ్య సందు, నేలకూ కంచెకూ మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకూడదు. కంచెకు మూడడుగుల లోపు కుండీ, బెంచీ, చెట్టుకొమ్మ, మెట్లు ఏవీ ఉండకూడదు. గేటు కొలనువైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, వదలగానే తనంతట తానే మూసుకుని గడియ పడాలి. ఆ గడియ పెద్దవాళ్ళ భుజం ఎత్తున ఉండాలి.

మన దగ్గర ఇందులో రెండు చోట్ల తప్పు జరుగుతుంది. మొదటిది, అందం కోసం స్టీలు పైపులు అడ్డంగా వేయిస్తారు. అడ్డపైపులు రెండేళ్ళ బిడ్డకు నిచ్చెన. ఇంటి బాల్కనీ, మెట్లు, కొలను, ఎక్కడైనా కడ్డీలు నిలువుగానే వేయించండి. రెండోది ఇంకా పెద్దది. కాంపౌండ్ గోడ మూడు వైపులా ఉంది కదా, ఇక భయమేమిటని అనుకుంటారు. బయటి పిల్లలు రాకుండా ఆ గోడ ఆపుతుంది. మన బిడ్డ వచ్చేది నాలుగో వైపున్న హాలు తలుపులోంచి. అమెరికా శిశువైద్యుల సంఘం నాలుగు వైపులా కంచె ఉండాలని, ఇంటివైపు ఖాళీగా వదలకూడదని పట్టుబట్టేది ఇందుకే. కంచె పని పూర్తయ్యేలోగా కనీసం ఆ తలుపుకు బిడ్డకు అందనంత ఎత్తులో ఒక గడియ పెట్టించండి. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎక్కే వయసు తొందరగానే వస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఫౌంటెన్‌కో, లైట్లకో కరెంటు తీగ నీళ్ళల్లోకి వెళుతుంటే ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి. అతుకు వేసిన తీగ నీళ్ళ దగ్గర వాడనే వాడొద్దు. బంతులు, బొమ్మలు కొలను పక్కన వదలకండి. నీళ్ళల్లో తేలే బంతి బిడ్డను పిలుస్తుంది.

కొలను ఒక్కటే కాదు

కొలనుకు ఇంత చేసి, పోర్టికోలో సంపు మూత తెరిచి పెట్టే ఇళ్ళున్నాయి. హైదరాబాదులో చాలా కాలనీలకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్ళొచ్చే వేళ మూత తీసి, పైపు వేసి, నిండిందో లేదో చూద్దామని అలాగే వదిలేసి లోపలికి వెళతారు. ట్యాంకరు వచ్చిన రోజూ అంతే. సంపు నాలుగు పక్కలా నున్నటి గోడలు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైనుంచి లోపల ఏముందో కనిపించదు. మూత కింద గళ్ళ గ్రిల్ ఒకటి శాశ్వతంగా బిగించి, దానిలోంచే పైపు దూరేలా చేయించండి. అప్పుడు మూత తెరిచి ఉన్నా బిడ్డ లోపలికి జారదు.

బాత్‌రూమ్‌లో నింపి ఉంచే బకెట్టు, ఎండాకాలం డ్రమ్ములు, ఇల్లు కట్టేచోట క్యూరింగ్ కోసం నింపిన తొట్లు, ఇంకుడు గుంతలు, వీటన్నిటికీ 'బిడ్డకూ నీటికీ మధ్య ఏముంది' అన్న ప్రశ్నే వేసుకోవాలి. బకెట్టు వాడగానే బోర్లించడం, బాత్‌రూమ్‌కు బయట ఎత్తున గడియ, డ్రమ్ముకు బిగుతైన మూత. పొలంలో నీటికుంట ఉన్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాలిథిన్ పరిచిన కుంట వాలు తడిస్తే పెద్దవాళ్ళు కూడా పాకి పైకి రాలేరు. చుట్టూ కంచె వేసి, గట్టుకు కట్టిన ముడుల తాడు ఒకటి రెండు చోట్ల నీళ్ళల్లోకి వేలాడదీయాలి.

శుభకార్యాల రోజు ఇంకో రకం ప్రమాదం. గృహప్రవేశానికి వందమంది వస్తారు, గేట్లన్నీ తెరిచి ఉంటాయి, కొలను చుట్టూ లైట్లు పెడతారు. ఆ రోజు ఒక పెద్ద మనిషికి కొలను కాపలా తప్ప ఇంకే పనీ అప్పగించకండి. భుజాన ఒక రంగు తువ్వాలు వేసి, అరగంట కాగానే దాన్ని ఇంకొకరి భుజాన వేసి "ఇక నీ వంతు బావా" అని పైకి చెప్పి మరీ వెళ్ళాలి. తువ్వాలు భుజాన ఉన్నంతసేపు ఫోను చూడకూడదు, భోజనానికి కూర్చోకూడదు. రోజువారీ కూడా బిడ్డను అప్పగించేటప్పుడు "అత్తయ్యా, బాబు ఇప్పుడు మీ దగ్గర" అని చెప్పి, ఆవిడ "సరేనమ్మా" అన్నాకే కదలండి.

జరగరానిది జరిగితే

బిడ్డ కనిపించకపోతే మొదట వెతకాల్సింది నీళ్ళల్లోనే. కొలను, సంపు, బావి, బాత్‌రూమ్. మంచం కింద, పక్కింట్లో, వీధి చివర తర్వాత చూడొచ్చు. అక్కడ ఉంటే పది నిమిషాల తర్వాతా క్షేమంగానే ఉంటాడు.

నీళ్ళల్లోంచి తీయగానే కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన దగ్గర తరతరాలుగా చూస్తున్నాం. అలా చేస్తే నీళ్ళు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలు కూడా పోతాయి. ఉప్పులో కప్పితే బతుకుతారన్న వాట్సాప్ మాట పచ్చి అబద్ధం. బిడ్డను గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకరులో పెట్టి పని మొదలుపెట్టాలి. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి. నీట మునిగినవాళ్ళకు మొదట కావలసింది గాలే. తల కొంచెం వెనక్కి వంచి, పసికందైతే ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి, పెద్ద బిడ్డయితే ముక్కు పట్టుకుని నోట్లోకి, ఛాతీ పైకి లేచేంత మెల్లగా రెండు నుంచి ఐదుసార్లు ఊదండి. తర్వాత ఛాతీ మధ్య ఎముక మీద, ఛాతీ మందంలో మూడో వంతు లోతు దిగేలా ముప్ఫైసార్లు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 వేగం. పసికందుకు ఛాతీని రెండు చేతులతో చుట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాలి, పిల్లవాడికి ఒక అరచేయి చాలు. ముప్ఫై నొక్కులకు రెండు ఊపిరులు, సాయం వచ్చేదాకా ఆపకుండా. చదివితే తేలికే, చేతులు వణుకుతున్నప్పుడు కాదు. కాబట్టి ఈ పద్ధతికి, అంటే సీపీఆర్‌కు, శిక్షణ ఎక్కడ దొరికితే అక్కడ తల్లిదండ్రులతో పాటు అమ్మమ్మలు, నానమ్మలు, ఇంట్లో పనిచేసే మనిషి కూడా చేతులతో చేసి నేర్చుకోవాలి. బిడ్డ తేరుకుని నవ్వినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

బడి ఈడు వచ్చాక ఈత నేర్పించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెబుతోంది. అయితే ఈత వచ్చిన ఆరేళ్ళ బిడ్డ ఇంట్లో ఉంది కదా అని గ్రిల్ పీకేయకండి. మీ ఇంటికి పక్కింటి పిల్లలు వస్తారు, పనమ్మాయి బిడ్డ వస్తుంది, ఊరినుంచి చెల్లెలి పిల్లలు వస్తారు. వాళ్ళలో ఎవరో ఒకరు ఎప్పుడూ నడక నేర్చుకునే వయసులోనే ఉంటారు. గ్రిల్ పని వచ్చే నెలకు వాయిదా పడేటట్టయితే అప్పటిదాకా కొలనులో నీళ్ళు ఉంచొద్దు, ఈ రోజే తోడించేయండి.